మంచం మీద ఎవరూ లేరండి

ఏడేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. చిన్న మాట. అది అబద్ధం కూడా కాదు. అబద్ధమైతే ఎప్పుడో ఒప్పుకునేవాడినేమో. నిజం కావడం వల్లే ఇన్నాళ్లు దాని వెనక దాక్కోగలిగాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. రాజమండ్రిలో పళ్ల డాక్టర్ని, అంతవరకు చెబుతాను. ఆ ఊరి పేరు రాయను. ఆ అన్నదమ్ముల పేర్లు కూడా రాయను. వాళ్లని నలుగురి నోళ్లలో వెయ్యడానికి నాకు హక్కు లేదు. ఒకసారి వేశాను, అది చాలు. నా పేరు రాయకపోవడానికి మాత్రం అంత మంచి కారణమేమీ లేదు. ధైర్యం చాలలేదు. చదివేటప్పుడు ఆ సంగతి కూడా గుర్తుపెట్టుకోండి.

నలభై దాటిన కొత్తలో నాకు ట్రయాథ్లాన్ పిచ్చి పట్టింది. ముందు ఈత, ఈత అవగానే సైకిలు, సైకిలు దిగగానే పరుగు. మూడూ ఒకే పూటలో, విశ్రాంతి లేకుండా పూర్తి చెయ్యాలి. తమిళనాడు తీరంలో ఫిబ్రవరిలో అలాంటి పోటీ ఒకటి జరుగుతుందని తెలిసి పేరు ఇచ్చాను. ఎందుకిచ్చావని అడిగినవాళ్లందరికీ ఆరోగ్యం కోసమని చెప్పాను. అసలు కారణం మా ఇంట్లో అటక. దాని మీద ఒక వీణ ఉంది. ఒక కెమెరా సంచి ఉంది. పై చదువు కోసం కొని, సగంలో వదిలేసిన లావుపాటి పుస్తకాలున్నాయి. అన్నీ నేను మొదలుపెట్టినవే. కొత్త సైకిలు ఇంటికొచ్చిన రోజు మా ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "అటక మీద దీనికెంత చోటు కావాలో ముందే కొలిచి పెట్టుకోండి" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే, ఇది మాత్రం పూర్తి చేసి తీరాలనుకున్నాను.

నేను పట్టుదల ఉన్న మనిషిని కాదు. పట్టుదల లేదని సిగ్గుపడే మనిషిని. పైకి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. తేడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

బెంగళూరులో ఉన్న ఒక కోచ్ ప్రతి వారం ఫోన్‌కి ప్రణాళిక పంపేవాడు. ఆదివారం పొడుగాటి సైకిలు ప్రయాణం. అది ఒంటరిగానే చెయ్యాలని అతని పట్టు. పోటీలో ఇంకొకరి వెనక నక్కి గాలి తప్పించుకుంటే శిక్ష వేస్తారట. కాబట్టి ఎదురుగాలిని ఒక్కడివే ఎదుర్కోవడం నేర్చుకో అనేవాడు. నేర్చుకున్నాను. మూడు నెలలు ప్రతి ఆదివారం చీకటితో లేచి, ధవళేశ్వరం దాటి, కాలవ గట్టు రోడ్డు పట్టుకుని ఒక్కణ్ణే పోయేవాడిని. గట్టు కింద ఊళ్లలో పాలు పితికేవాళ్లు, కాలవలో మొహాలు కడుక్కునేవాళ్లు నన్ను ఎరిగిపోయారు. పేరు తెలియదు. హెల్మెట్టు, నల్ల కళ్లజోడు, బిగుతు బట్టలు. సైకిలాయన అనేవారట.

డిసెంబరు మొదటివారంలో అన్నిటికన్నా పెద్ద ప్రయాణం రాసిపెట్టి ఉంది. ద్రాక్షారామం మీదుగా యానాం దాకా వెళ్లి, మళ్లీ అదే దారిన ఇంటికి. ఇది ఆపకుండా తొక్కగలిగితే నువ్వు సిద్ధమైనట్టే అన్నాడు కోచ్. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందని ముందురోజు టీవీలో చెబుతూనే ఉన్నారు. మానేయమని మా ఆవిడ అంది. మానేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. మానేయడం నాకు బాగా అలవాటైన పని.

సార్వా వరి కోతలు జరుగుతున్నాయి. డెల్టాలో ఆ రోజులు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. కోత మిషన్లు వచ్చాక ధాన్యం పచ్చిగానే చేలోంచి బయటికొస్తుంది. తేమ తగ్గనిదే మిల్లు తీసుకోదు. ఆరబోయడానికి కళ్లాలు లేవు. ఉన్నది రోడ్డే. పగలంతా సగం రోడ్డు మీద పరిచి, కాళ్లతో కెలుకుతూ ఆరబెడతారు. సాయంత్రం రాశిగా పోసి టార్పాలిన్ బరకం కప్పుతారు. గాలికి లేవకుండా బరకం అంచుల మీద వరసగా రాళ్లు పెడతారు. బళ్లు రాశిని తొక్కకుండా రోడ్డు మీద ఇంకొన్ని రాళ్లు. పక్కనే ఒక మడత మంచం, దాని మీద కాపలాకి ఒక మనిషి.

ఆ రోజు నేను, పేరు రాయనన్న ఆ ఊరు చేరేసరికి ఇంకా తెల్లారలేదు. నా సైకిలు లైటు కొంచెం దూరమే పడుతోంది. వేగంగా వెళుతున్నాను. కాళ్లు బాగా ఆడుతున్నాయి, ఊపిరి కుదురుగా ఉంది, ఈసారి అటక గెలవదు అనుకుంటున్నాను. ముందు చక్రం ఒక రాయికి తగిలింది. సైకిలు ఒకవైపు, నేను ఒకవైపు. మోచెయ్యి చీరుకుపోయింది. లేచి చూస్తే చైను ఊడిపోయి, గేరు వంగి ఉంది. పక్కన బరకం కప్పిన రాశి. కొంచెం అవతల మరో రాశి. రెండిటికీ మధ్య మడత మంచం. మంచం మీద దుప్పటి ముద్దగా పడి ఉంది. మనిషి లేడు.

మనిషి ఉంటే తిట్టి, నాలుగు మాటలు పడి, వెళ్లిపోయేవాడిని. లేకపోవడంతో నా కోపానికి దిక్కు తోచలేదు. రోడ్డు వీళ్ల సొత్తా అనుకున్నాను. రేపు స్కూటరు మీద వచ్చే వాడెవడో తల పగిలి చస్తే ఎవరిది బాధ్యత అనుకున్నాను. రోడ్డు మీది రాయి తీసి కాలవలోకి విసిరాను. నీళ్లలో పడిన చప్పుడు హాయిగా ఉంది. ఇంకోటి విసిరాను. రోడ్డు మీద ఉన్నవన్నీ అయిపోయాయి.

అక్కడ ఆగి ఉంటే ఇది రాయాల్సిన పని లేదు.

తరవాత బరకం అంచు మీది రాళ్లు తీయడం మొదలుపెట్టాను. చీకట్లో ఏ రాయి ఎక్కడిదో తెలియలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. తెలుసు. రోడ్డు మీది రాళ్లు ఊరికే చేతికొచ్చాయి. ఇవి బరకం మడతలో చుట్టి పెట్టారు, లాగి తీయాల్సి వచ్చింది. లాగాను. రోడ్డువైపు అంచు మొత్తం ఖాళీ అయ్యేదాకా లాగాను. రెండో రాశి జోలికి పోలేదు. నేను పడింది మొదటి రాశి దగ్గర. అంతకన్నా కారణం లేదు.

చైను ఎక్కించుకున్నాను. సగం గేర్లు పనిచేయడం లేదు. ఉన్నవాటితోనే బయల్దేరాను. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు గర్వంగా ఉంది. దెబ్బ తగిలింది, సైకిలు పాడైంది, అయినా వెనక్కి తిరగలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి.

ద్రాక్షారామం దాటాక గాలి మొదలైంది. తూర్పు నుంచి, సముద్రం మీంచి. చేలల్లో ఇంకా కొయ్యని వరి మొత్తం ఒకేసారి పడుకుంది. నా సైకిలు పక్కకి తోసుకుపోయి, దిగి నిలబడాల్సి వచ్చింది. అలా నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది, రాళ్లు లేని బరకం. గాలి దాని కింద దూరితే ఏమవుతుందో ఊహించుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. అప్పటికి ఇంకా వాన లేదు. గాలి వెనకనుంచి తోస్తుంది, వెనక్కి తిరిగితే గంటలో అక్కడుండేవాడిని. లేదా దారిలో ఎవరినైనా ఆపి, ఆ ఊరివాళ్లకి ఫోను చేయించేవాడిని.

ఏం చేశాను? ఆలోచించాను. ఈపాటికి వాళ్లు లేచి చూసుకునే ఉంటారు, కొత్త రాళ్లు పెట్టుకునే ఉంటారు, రైతులకి ఆ మాత్రం తెలియదా, నేను వెళ్లి చెప్పేదేముంది అని నాకు కావలసిన విధంగా ఆలోచించాను. యానాం ఇంకెంతో దూరం లేదు. ఇప్పుడు తిరిగితే ప్రయాణం పూర్తి కాదు. ఈ ఒక్క మాట దగ్గరే నా లెక్కలన్నీ ఆగిపోయాయి. సైకిలెక్కి గాలికి ఎదురు తొక్కాను. యానాం చేరేసరికి వాన కూడా కలిసింది. మొహం మీద రాళ్లతో కొట్టినట్టు కొట్టింది. వంగి, పళ్లు కరుచుకుని తొక్కాను. ఆ పూట నేను నిజంగానే గట్టివాడిని. ఆ గట్టితనం దేనికి ఖర్చు పెట్టానన్నదే నా బాధ.

తిరిగి ఆ ఊరికి వచ్చేటప్పటికి వాన తగ్గి తుంపర పడుతోంది. దూరం నుంచే జనం కనిపించారు. బరకం సగం కాలవలో ఉంది, ఒక మొద్దుకి చిక్కుకుని నీళ్లకి కొట్టుకుంటోంది. రాశి కుంగిపోయి ఉంది. దాని కిందనుంచి నీళ్లు కారుతూ, గింజలు తీసుకుని గట్టు మీంచి కాలవలోకి పోతున్నాయి. ఆడవాళ్లు చేటలతో, సత్తు గిన్నెలతో దొరికినంత ఎత్తుతున్నారు. అవతలి రాశి మాత్రం తన బరకం కింద, తన రాళ్ల మధ్య, చుక్క తడవకుండా ఉంది.

రోడ్డు నిండా మనుషులుండటంతో ఆగాల్సి వచ్చింది. ఆగగానే చేతి గడియారం ఆపాను. ప్రయాణం సమయంలో ఈ ఆగడం కలవకుండా. ఇది కూడా రాయాలి.

కాసేపట్లోనే సంగతి అర్థమైంది. తడిసిన రాశి అన్నదమ్ముల్లో పెద్దవాడిది, తడవనిది తమ్ముడిది. ఇద్దరూ కౌలు రైతులు. మిల్లు లారీ ఆ రోజు ఒక్క రాశే తీసుకుంటానంది. ఎవరిది ముందు ఎక్కించాలన్న దగ్గర ముందురోజు సాయంత్రం ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. రాత్రి కాపలా తమ్ముడి వంతు. తెల్లారాక మబ్బు చూసి, మిగిలిన చేను కోయించేద్దామని ఇంటిల్లిపాదీ మిషను వెంట దూరం చేలోకి పరుగెత్తారు. బరకం కప్పే ఉంది కదా అనుకున్నారు. రాళ్లున్నాయో లేదో ఎవరూ చూడలేదు. ఇప్పుడు చూస్తే లేవు. ఒకరి రాశికి ఉన్నాయి, ఒకరి రాశికి లేవు.

అన్న భార్య నా మోచెయ్యి చూసింది. ధాన్యం ఎత్తుతున్న చేట కింద పెట్టి, సీసాలో నీళ్లు తెచ్చి గాయం మీద పోసింది. ఎక్కడ పడ్డారని అడిగింది. ద్రాక్షారామం దగ్గర అన్నాను. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో. తడి కొంగుతో మట్టి తుడుస్తూ, జాగ్రత్తగా వెళ్లండి బాబూ, రోడ్లు బాగోలేవు అంది.

అప్పుడు అన్న నా దగ్గరికొచ్చాడు. అరవడం లేదు. అరిచి అరిచి అయిపోయినట్టుంది.

"మీరు ఆదివారం ఆదివారం ఇటే వెళ్తారు కదండీ. పొద్దుట చీకట్లో వెళ్లుంటారు. ఇక్కడ ఎవరన్నా ఉన్నారాండి?"

అందరూ నా వైపు చూశారు. తమ్ముడు ఒక్కడుగు ముందుకేశాడు.

"చెప్పండి సార్. తెల్లార్లూ ఈ మంచం మీదే ఉన్నాను కదండీ. మీ లైటు కూడా చూసేను."

చూడలేదు. అతను అక్కడ లేడు. అతను అబద్ధమాడుతున్నాడని ఆ గుంపులో నాకొక్కడికే తెలుసు. నా సంగతేమిటో మీకు చెప్పడానికి ఇంతకన్నా సిగ్గుపడే మాట లేదు: అతని అబద్ధం నాకు ఆసరాగా దొరికింది. ఒక్క క్షణం నేను న్యాయం పక్కన ఉన్నట్టే అనిపించింది. హెల్మెట్టు తీయలేదు. కళ్లజోడు తీయలేదు.

"మంచం మీద ఎవరూ లేరండి" అన్నాను.

తమ్ముడి మొహం చూడలేక గేర్లు చూసుకుంటున్నట్టు వంగాను.

"పాపకి జ్వరం ఎక్కువైందని ఫోనొస్తే వెళ్లేనొదినా" అన్నాడు. అన్నకి చెప్పలేదు, వదినకి చెప్పాడు. "మళ్లీ వచ్చేసేను. ఎంతోసేపు లేదొదినా."

"ఇందాకా తెల్లార్లూ ఉన్నానన్నావు. ఇంక నీ మాట ఏది నమ్మాలి?" అంది ఆమె.

"మరి రాళ్లేమయ్యాయిరా?" అన్నాడు అన్న. "కాళ్లొచ్చి నడిచి వెళ్లేయా?"

రాళ్లు నాలుగు అడుగుల అవతల నీళ్ల కింద ఉన్నాయి. వేలు పెట్టి చూపిస్తే సరిపోయేది. నోరు తెరిచే పని కూడా లేదు. నేను సైకిలెక్కాను. దారి ఇచ్చారు. ఒకాయన నమస్కారం కూడా పెట్టాడు. గడియారం మళ్లీ మొదలుపెట్టి, మిగిలిన దూరం తొక్కి ఇంటికి చేరాను. ప్రయాణం పూర్తయింది. అటక ఓడిపోయిందని మా ఆవిడ ఒప్పుకుంది.

ఫిబ్రవరిలో పోటీ కూడా పూర్తి చేశాను. పతకం క్లినిక్ గోడకి తగిలించాను. ఒక కాలేజీవాళ్లు పిలిచి పట్టుదల గురించి మాట్లాడమన్నారు. వెళ్లాను. గాలివానలో యానాం ప్రయాణం గురించి చెప్పాను. సైకిలు విరిగింది, చెయ్యి చీరుకుంది, అయినా వెనక్కి తిరగలేదన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. వేదిక దిగి మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఎండదెబ్బ అన్నారు పక్కవాళ్లు. సరే అన్నాను.

ఆ గట్టు మీదికి మళ్లీ వెళ్లలేదు. బ్యారేజీ దాటి పట్టిసీమ వైపు తొక్కడం మొదలుపెట్టాను. దృశ్యం బాగుంటుందని చెప్పేవాడిని. నిద్ర పట్టేదా అంటే పట్టేది. నేనన్నది నిజం కదా. లేడంటే లేడు. ఉన్నాడని చెబితే అబద్ధమయ్యేది కదా. రాత్రిళ్లు ఈ వాదన నెగ్గేది. పగలు ఎక్కడైనా రోడ్డు మీద ధాన్యం కనిపిస్తే ఓడిపోయేది. నాకు నేనే వకీలుని, నాకు నేనే జడ్జిని. ప్రతిసారీ వాయిదా వేసుకునేవాడిని.

ఈ వేసవిలో ఒక పెద్దావిడ పళ్ల సెట్టు కోసం క్లినిక్‌కి వచ్చింది. కాగితం మీద ఊరి పేరు చూశాను. గొంతు విన్నాక ఇంక సందేహం లేదు, ఆ రోజు నా గాయం కడిగిన అన్న భార్యే. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. ఎలా పడుతుంది, నా మొహం ఎప్పుడు చూసిందని. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగాను. పళ్లకీ ఆ ప్రశ్నకీ సంబంధం లేదు. అయినా అడిగాను.

మరిదితో మాటల్లేవని చెప్పింది. అతను ఆ ఏడే కౌలు వదిలేసి కాట్రేనికోన వైపు రొయ్యల చెరువుల దగ్గర కాపలా పనికి పోయాడట. అత్తగారు పోయినప్పుడు అన్నదమ్ములిద్దరూ చెరో పక్క నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కార్యం కానిచ్చారట. తడిసిన ధాన్యం మొలకలొచ్చి, మిల్లు తీసుకోక, ఆ ఏడు చాలా కష్టపడ్డారట. ధాన్యం పోయినందుకు కాదండి, ఇంట్లోవాడే తీసేడని మా ఆయనకి బెంగ అంది. తరవాత, కుర్చీలో వెనక్కి వాలుతూ, ఇలా అంది:

"ఎవరో సైకిలాయన, దేవుడిలా వచ్చి చెప్పేడండి. లేకపోతే వాడి సంగతి మాకు తెలిసేదే కాదు."

చేతిలో ఉన్న అద్దం కింద పెట్టి, ఇవాళ్టికి చాలు, వచ్చే బుధవారం రండి అన్నాను. ఆ వారం రోజులు ఎలా గడిచాయో రాయను. ఒక్కటి మాత్రం నిర్ణయించుకున్నాను. ఆమె మళ్లీ ఆ కుర్చీలోంచి లేచేలోపు చెప్పేయాలి. నేను వదిలేసిన పనులన్నిటిలోకీ ఇదే పెద్దది. దీన్ని ఇంక అటక మీద పెట్టకూడదు.

బుధవారం అచ్చు తీయాలి. ట్రేలో ముద్ద వేసి నోట్లో పెట్టి, అది గట్టిపడేదాకా పట్టుకుని ఉండాలి. పేషెంటు కదలకూడదు, మాట్లాడకూడదు. పెట్టాను. అప్పుడు చెప్పాను. సైకిలాయన నేనే అన్నాను. పడింది ద్రాక్షారామం దగ్గర కాదు, మీ రాశి దగ్గర అన్నాను. రాళ్లు నేనే తీశాను, మీ మరిది తీయలేదు, తీసినవన్నీ కాలవలో వేశాను, గాలి వచ్చినప్పుడు గుర్తొచ్చింది, అయినా వెనక్కి రాలేదు అన్నాను. ఆమె కళ్లు నా మీదే ఉన్నాయి. రెప్ప వేయలేదు. నా వేళ్లు ఆమె దవడ మీదే ఉన్నాయి, కింద నరం కొట్టుకోవడం తెలుస్తోంది. ముద్ద గట్టిపడింది. తీశాను. పుక్కిలించి ఉమ్మింది. తువ్వాలుతో మూతి తుడుచుకుంది.

"అచ్చు సరిగా వచ్చిందాండి?" అంది.

వచ్చిందన్నాను. చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"నా నోట్లో ముద్ద పెట్టి చెప్పేరు డాక్టరు గారూ. మా ఆయన నోరు ఖాళీగానే ఉంటదండి. ఆయనకి చెప్పండి."

వెళ్లిపోయింది. ఆమె అన్నాకే చూసుకున్నాను. ఎదుటి మనిషి జవాబివ్వలేని సమయం చూసుకుని ఒప్పుకున్నాను. ధైర్యం అనుకున్నదాంట్లో కూడా పిరికితనం ఎలా దూరిందో చూడండి.

పళ్లు పెట్టించుకోవడానికి ఆమె రాలేదు. సెట్టు తయారై డబ్బాలో ఉంది. మొన్న ఆదివారం ఆ డబ్బా వీపు సంచిలో వేసుకుని, సైకిలు మీద ధవళేశ్వరం దాటి గట్టు రోడ్డు ఎక్కాను. గడియారం పెట్టుకోలేదు. కారులో వెళ్లొచ్చు. కానీ ఆ ఊళ్లోకి కారు అద్దాల వెనకనుంచి దిగాలనిపించలేదు.

అన్న తన ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. హెల్మెట్టు తీశాను. కళ్లజోడు తీశాను. మొదటినుంచి చివరిదాకా చెప్పాను. మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. అంతా అయ్యాక ఒకటే అడిగాడు, మా తమ్ముడి రాశి రాళ్లు ఎందుకు తీయలేదండీ అని. నేను పడింది మీ రాశి దగ్గర కాబట్టి అన్నాను.

"అంతేనా" అన్నాడు.

లేచి లోపలికి వెళ్లాడు. మళ్లీ బయటికి రాలేదు. ఆమె డబ్బా తీసుకుని, మూత తెరవకుండానే గూట్లో పెట్టింది. మరిది పనిచేసే చెరువులెక్కడో చెప్పింది. మా మరిదికీ చెప్పి తీరాలి కదండీ అంది. అది ప్రశ్న కాదు.

అక్కణ్ణించి కాట్రేనికోన వైపు చాలా దూరం. ఎండ ఎక్కింది. గాలి ఎదురు. కాళ్లు ఏడేళ్ల కిందటివి కావు. దారిలో రెండుసార్లు దిగాను, రెండుసార్లూ రేపు వస్తే ఏమవుతుందని నా పాత బుద్ధి అడిగింది. ఏమీ అవదు, మళ్లీ ఏడేళ్లవుతుంది. ఎక్కి తొక్కాను.

తమ్ముడు చెరువు గట్టు మీద మేత బకెట్టు కడుగుతున్నాడు. జుట్టు బాగా నెరిసింది. అన్న కన్నా పెద్దవాడిలా ఉన్నాడు. చెప్పాను. నేను చెబుతున్నంతసేపూ బకెట్టు కడుగుతూనే ఉన్నాడు, అది శుభ్రమయ్యాక కూడా. తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనుకునే వెళ్లాను. అతను బకెట్టు బోర్లించి, నా వైపు చూడకుండా అన్నాడు:

"మీరేం అబద్ధం చెప్పలేదు కదండీ. ఆ రాత్రి నేను మంచం మీద లేని మాట నిజమే. లైటు చూసేనని అబద్ధం ఆడింది నేను."

ఇన్నాళ్లు నాకు నేను చెప్పుకున్న మాటే. అక్షరం తేడా లేదు. ఆ మాట అతని దగ్గర కూడా ఉందని, అతను కూడా దాన్ని ఏడేళ్లుగా మోస్తున్నాడని నాకు తట్టనే లేదు. నేను కాలవలో వేసిన రాళ్లకి, లేని నేరానికి, పాప జ్వరానికి ఇంటికెళ్లినందుకు తనని తాను శిక్షించుకుంటూ, చెరువుల మధ్య రాత్రంతా మెలకువగా కూర్చుంటున్నాడు. ఇప్పుడు ఆ మాట తీసుకెళ్లమని నాకిస్తున్నాడు. తీసుకుంటే నా పని అయిపోతుంది. తేలిగ్గా ఇంటికెళ్లొచ్చు.

"కాదండి" అన్నాను. "నేను చెప్పింది అబద్ధమే. మీరు లేరని చెప్పాను, నేనున్నానని చెప్పలేదు. మీరాడింది భయంతో. నేనాడింది బాగా ఆలోచించి."

అతను అప్పుడు చూశాడు నా వైపు. ఆ చూపులో క్షమ లేదు. నేను దానికోసం వెతకలేదని రాస్తే అది ఇంకో అబద్ధమవుతుంది. వెతికాను. లేదు.

"ఈ మాట మా అన్నకి చెప్పేరా?" అన్నాడు.

చెప్పానన్నాను. ఏమన్నాడని అడగలేదు. బకెట్టు తీసుకుని గట్టు మీద అవతలి చెరువు వైపు నడిచాడు. వాళ్లిద్దరూ మళ్లీ ఒక గడపలో కలుస్తారో లేదో నాకు తెలియదు. అడిగే అర్హత లేదు. నాకు మిగిలింది ఒకటే. ఆ మాటని అబద్ధమని పిలిచాను. ముందు అతని ఎదుట పిలిచాను, ఇప్పుడు మీ ఎదుట రాస్తున్నాను. ఏడేళ్లలో ఇంతకన్నా బరువు తగ్గిన రోజు నాకు లేదు. ఇంతకన్నా సిగ్గుపడిన రోజూ లేదు.